వేడెక్కితేనే మిస్సయ్యే ఇంజను: 26.5 గంటల మరమ్మతు డైరీ

చల్లగా ఉన్నంతసేపు శుభ్రంగా నడిచి, వేడెక్కగానే మిస్సింగ్ మొదలుపెట్టే బండిని ఇంటి దగ్గరే బాగుచేసుకోవాలనుకునేవారి కోసం ఈ డైరీ రాస్తున్నాను. బండి 150 సి.సి.ది, ఒకే సిలిండరు, గాలితో చల్లబడే నాలుగు స్ట్రోకుల ఇంజను, డయాఫ్రమ్ (పలుచని రబ్బరు పొర) ఉన్న సి.వి. కార్బురేటరు, బ్యాటరీ మీద పనిచేసే సి.డి.ఐ. (ప్లగ్‌కు స్పార్క్ ఇప్పించే ఎలక్ట్రానిక్ పెట్టె). అప్పటికి మీటరు మీద 38,400 కిలోమీటర్లు ఉన్నాయి. ఇక్కడ నేను చెప్పే హద్దులన్నీ ఈ బండి మాన్యువల్‌లోనివి కాబట్టి, మీ బండికి మీ మాన్యువల్ అంకెలనే చూసుకోవాలి.

వాడిన పనిముట్లు: డిజిటల్ మల్టీమీటరు, ఫీలర్ గేజ్, కంప్రెషన్ గేజ్, ఇన్‌లైన్ స్పార్క్ టెస్టరు, దూరం నుంచే వేడి చూపే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు, హెయిర్ డ్రయ్యరు, కొలజాడీ, నీళ్ళు చిమ్మే సీసా, టార్క్ పానా, మామూలు పానాల సెట్టు, ఒక నోటుపుస్తకం.

లోపం ఎలా ఉంది (1వ రోజు)

బండి ఒక్క కిక్కుకే స్టార్టవుతుంది, ఐడ్లింగ్ 1,400 దగ్గర నిలకడగా ఉంటుంది. 18 నుంచి 20 నిమిషాలు నడిచాక, అయిదో గేరులో 4,500 ఆర్.పి.ఎమ్. దగ్గర యాక్సిలరేటరు కదపకుండా పట్టుకుంటే, ఎవరో వెనుక నుంచి పట్టి లాగి వదిలినట్టు కుదుపులు మొదలవుతాయి. మండకుండా బయటికి పోయిన మిశ్రమం సైలెన్సరులో అంటుకుని అప్పుడప్పుడు ఠప్పుమని పేలుతుంది. ఆపకుండా పోనిస్తే మరో అయిదారు నిమిషాల్లో ఇంజను పూర్తిగా ఆగిపోతుంది. పావుగంట దాకా ఎంత కొట్టినా స్టార్టు కాదు, ఆ తరువాత ఏమీ జరగనట్టే నడుస్తుంది.

ఆ రోజు నోటుపుస్తకంలో చివరి వాక్యం ఇది: "కుదుపు వచ్చినప్పుడల్లా ఆర్.పి.ఎమ్. మీటరు సూది కూడా ఒక్కసారి కిందికి పడి లేస్తోంది." దాన్ని రాసింది నేనే, కానీ మళ్ళీ చదివింది 9వ రోజున. ఈ మధ్య జరిగినదంతా ఆ వాక్యాన్ని పట్టించుకోకపోవడం వల్ల పడిన శ్రమ.

మొదటి దశ: ప్లగ్ (1, 2 రోజులు)

1. ఇంజను చల్లారాక ప్లగ్ చుట్టూ ఉన్న దుమ్మును ఊది, 16 మి.మీ. ప్లగ్ పానాతో విప్పాను. దుమ్ము ఊదకుండా విప్పితే అది నేరుగా సిలిండరులో పడుతుంది.
2. ప్లగ్ మూతి లేత గోధుమ రంగులో ఉంది. మసి గానీ, తెల్లగా కాలిన గుర్తు గానీ లేదు.
3. గ్యాప్ 0.95 మి.మీ. వచ్చింది. ఉండవలసింది 0.7 నుంచి 0.8.
4. కొత్త ప్లగ్‌ను 0.75కు సరిచేసి, చేత్తో చివరిదాకా తిప్పి, వాషరు నొక్కుకునేలా పానాతో అర చుట్టు మాత్రమే బిగించాను.

గ్యాప్ పెరిగితే స్పార్క్ దూకడానికి ఎక్కువ వోల్టేజి కావాలి కనుక కారణం దొరికిందనే అనుకున్నాను. మరునాడు 19వ నిమిషంలో మొదటి కుదుపు వచ్చింది. లేత గోధుమ రంగు మూతి మిశ్రమం సరిగానే మండుతోందని చెబుతున్నా, ఆ మాట వదిలేసి నేను తిన్నగా పెట్రోలు వైపు వెళ్ళాను.

ఇప్పటికి మొత్తం: 1.5 గంటలు, కొత్త భాగాలు 1, తేలిన కారణాలు 0.

రెండో దశ: పెట్రోలు, కార్బురేటరు (3 నుంచి 5 రోజులు)

పెట్రోలును అనుమానించడానికి కారణం లేకపోలేదు. ట్యాంకు మూతలోని గాలి రంధ్రం పూడుకుపోతే, పెట్రోలు దిగేకొద్దీ ట్యాంకులో గాలి పలచబడి, ఇరవై నిమిషాలకు ధార తగ్గి, ఇంజను ఇదే విధంగా కుదుపులతో ఆగిపోతుంది. కాసేపు నిలబెడితే మళ్ళీ నడుస్తుంది. లక్షణం ఒకటే కాబట్టి ముందు కొలిచి చూశాను.

1. ఇంజను చల్లగా ఉండగా, ఆరుబయట, పెట్రోలు పైపును కార్బురేటరు దగ్గర తీసి కొలజాడీలో పెట్టి, ఒక నిమిషం పాటు ట్యాప్ తెరిచాను. మూత బిగించి ఉండగా 190 మి.లీ., మూత తీసి ఉంచితే 195 మి.లీ. వచ్చింది.
2. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతే నిమిషానికి దాదాపు 22 మి.లీ. తాగుతుంది. వస్తున్న ధార దానికి ఎనిమిది రెట్లు పైగా ఉంది.
3. మిస్సవుతున్నప్పుడు బండి ఆపి మూత తెరిచి చూశాను. ఏ మార్పూ లేదు.

ఈ మూడు పనులకు పట్టింది గంట. ఇక్కడితో పెట్రోలు సంగతి ముగించవలసింది. అయినా చేతులు ఊరుకోక కార్బురేటరు విప్పాను. ఫ్లోట్ గిన్నె అడుగున చిటికెడు తుప్పు, రెండు నీటి చుక్కలు కనిపించాయి. అవి కనిపించగానే దొంగ దొరికాడన్నంత సంబరపడ్డాను. ఆ తరువాత వరసగా రెండు తప్పులు చేశాను.

మొదటి తప్పు, మిశ్రమం స్క్రూ ఎన్ని చుట్లు తిరిగి ఉందో లెక్కపెట్టకుండా విప్పేయడం. స్క్రూను మెల్లగా ఆగేదాకా లోపలికి తిప్పి, ఆ తిప్పిన చుట్లను రాసుకుని, ఆ తరువాతే బయటికి తీయాలి. నేను రాసుకోలేదు కనుక తిరిగి బిగించేటప్పుడు రెండు చుట్లతో మొదలుపెట్టి, వేడి ఇంజను మీద పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ ఐడ్లింగ్ కుదుర్చుకోవలసి వచ్చింది. చివరికి అది రెండుంబావు చుట్ల దగ్గర నిలిచింది.

రెండో తప్పుకు ఒక పూట పోయింది. జెట్లు శుభ్రం చేయడానికి ముందే డయాఫ్రమ్‌నూ రబ్బరు రింగులనూ బయటికి తీయడం మాత్రం సరిగానే చేశాను, ఎందుకంటే కార్బురేటరు క్లీనరు తగిలితే రబ్బరు ఉబ్బిపోతుంది. తిరిగి పెట్టేటప్పుడు డయాఫ్రమ్ అంచు ఒకచోట గాడిలోంచి తప్పుకుని మూత కింద నలిగింది. దానివల్ల బండి 5,000 దాటడమే మానేసింది. ఉన్న లోపం అలాగే ఉండగా నేను తెచ్చిన కొత్త లోపం ఒకటి పైన చేరింది. పైగా అదే రోజు ఎయిర్ ఫిల్టరు కూడా శుభ్రం చేశాను కనుక ఏది దేనివల్ల జరిగిందో తెలియక కార్బురేటరును మరో రెండుసార్లు విప్పాను.

సి.వి. కార్బురేటరులో పిస్టన్‌ను లేపేది తీగ కాదు, డయాఫ్రమ్ పైన ఏర్పడే వాక్యూమ్. అంచు నలిగిన చోట గాలి దూరితే పిస్టన్ పూర్తిగా లేవదు. దీన్ని బండి ఎక్కకుండానే పరీక్షించవచ్చు: పిస్టన్‌ను వేలితో పైకి ఎత్తి, డయాఫ్రమ్ పైగదికి వాక్యూమ్ వెళ్ళే రంధ్రాన్ని మూసి వదిలితే, అది బరువుగా, నెమ్మదిగా దిగాలి. నాది టక్కున పడిపోయింది. అంచును గాడిలో సరిగా కూర్చోబెట్టాక నెమ్మదిగా దిగింది, బండి 5,000 దాటింది, 20వ నిమిషంలో పాత కుదుపు యథాతథంగా వచ్చింది.

ఇప్పటికి మొత్తం: 10.5 గంటలు, కొత్త భాగాలు 1, తేలిన కారణాలు 0, నేను పుట్టించి నేనే తీర్చిన లోపాలు 1.

మూడో దశ: గాలి లీకు, కంప్రెషన్, ట్యాపెట్లు (6, 7 రోజులు)

గాలి లీకు పరీక్షకు పెట్రోలు గానీ మండే స్ప్రే గానీ వేడి ఇంజను మీద చల్లకూడదు. ఐడ్లింగ్‌లో ఉన్న ఇంజనుకూ కార్బురేటరుకూ మధ్య ఉండే రబ్బరు మానిఫోల్డు చుట్టూ నీళ్ళు చిమ్మాను. ఆర్.పి.ఎమ్. కదలలేదు.

కంప్రెషన్ చూసేటప్పుడు యాక్సిలరేటరు పూర్తిగా తెరిచి ఉంచాలి, విప్పిన ప్లగ్‌ను క్యాప్‌లో పెట్టి ఇంజను లోహానికి ఆనించి ఉంచాలి. గాలిలో వేలాడదీసి తిప్పితే సి.డి.ఐ. దెబ్బతినవచ్చు. చల్లని ఇంజను మీద చదరపు సెంటీమీటరుకు 11.6 కిలోలు వచ్చింది.

ట్యాపెట్ల దగ్గర, అంటే వాల్వుకూ దాన్ని నొక్కే రాకరుకూ మధ్య ఉండవలసిన సన్నని గ్యాప్‌లో మాత్రం, నిజంగానే తేడా దొరికింది.

1. రాత్రంతా చల్లారిన ఇంజను మీద మాగ్నెట్ కవరు మూతలు తీసి, క్రాంకును తిప్పి, పిస్టన్ పూర్తిగా పైన ఉందని చెప్పే 'టి' గుర్తును గాడికి కలిపాను.
2. రెండు రాకర్లూ వదులుగా ఆడుతున్నాయో లేదో చూశాను. ఆడకపోతే అది ఎగ్జాస్ట్ స్ట్రోకు చివర. ఇంకొక పూర్తి చుట్టు తిప్పాలి.
3. ఇన్‌లెట్ గ్యాప్ 0.06 మి.మీ. ఉంది, ఉండవలసింది 0.05. ఎగ్జాస్ట్ గ్యాప్ 0.05 ఉంది, ఉండవలసింది 0.10.
4. ఎగ్జాస్ట్‌ను 0.10కు సరిచేసి, లాక్ నట్ బిగించాక మళ్ళీ కొలిచాను. బిగించేటప్పుడు స్క్రూ కూడా కొంచెం తిరిగి 0.08కి పడింది. మూడోసారికి కుదిరింది.

ఎగ్జాస్ట్ వాల్వు వేడికి సాగి గ్యాప్ పూర్తిగా పోతే, వాల్వు మూసుకోక కంప్రెషన్ జారిపోతుంది. వేడెక్కితేనే వచ్చే లోపానికి ఇంతకంటే అచ్చంగా అతికే కథ ఉండదు. ఆ సాయంత్రం కుదుపు 23వ నిమిషం దాకా రాలేదు. గెలిచానని రాసుకున్నాను. కానీ అది చల్లటి, గాలి వీస్తున్న పూట. మరునాటి ఎండలో మళ్ళీ 19వ నిమిషంలోనే వచ్చింది. ఈసారి వెంటనే ఆపి, చేతికి గ్లవ్ వేసుకుని, వేడి మీదనే కంప్రెషన్ కొలిచాను: 11.4. దీనితో వాల్వు కథ ముగిసింది. బయటి వేడిని కూడా రాసుకోవడం ఈ రోజు నుంచే మొదలుపెట్టాను.

ఇప్పటికి మొత్తం: 14.5 గంటలు, కొత్త భాగాలు 1, తేలిన కారణాలు 0.

నాలుగో దశ: కరెంటు వైపు (9వ రోజు)

ముందు అన్నీ చల్లగా ఉండగా, బయట 30 డిగ్రీల వేడిలో కొలిచాను. ఇంజను ఆగి ఉండగా బ్యాటరీ 12.6 వోల్టులు, 4,000 ఆర్.పి.ఎమ్. దగ్గర 14.1. ఇగ్నిషన్ కాయిల్‌లోని రెండు తీగ చుట్టలు, ప్రైమరీ, సెకండరీ, హద్దుల్లోనే ఉన్నాయి. ప్రైమరీ విలువ ఒక ఓం కంటే తక్కువ కాబట్టి, మీటరు తీగలను ఒకదానికొకటి తాకించినప్పుడు కనిపించే 0.3 ఓంను అందులోంచి తీసివేయడం మరవకూడదు. ప్లగ్ క్యాప్ 5.2 కిలో ఓంలు. పికప్ కాయిల్ (మాగ్నెట్ చక్రం తిరిగేటప్పుడు చిన్న పల్స్ పుట్టించే తీగ చుట్ట) 198 ఓంలు. మాన్యువల్ హద్దు 180 నుంచి 220. ఒక్కటీ తప్పు లేదు.

ఐడ్లింగ్‌లో నిలబెట్టి వేడెక్కించి చూద్దామనుకున్నాను గానీ, గాలి తగలని ఇంజను హెడ్ వేడి త్వరత్వరగా పెరుగుతూ ఉండటంతో పన్నెండు నిమిషాలకే ఆపేశాను. గాలితో చల్లబడే ఇంజనుకు అది మంచిది కాదు, మూసిన గదిలో ఐతే మనిషికీ మంచిది కాదు.

అందుకని స్పార్క్ టెస్టరును ప్లగ్‌కూ క్యాప్‌కూ మధ్య పెట్టి బండి నడిపాను. కుదుపు మొదలవగానే ఆపి, సెంటర్ స్టాండు మీద 4,500 దగ్గర ఉంచి దీపం చూశాను. ఇంజను కుదిపిన ప్రతిసారీ దీపం ఆరింది. నిమిషంన్నరకు దీపమూ ఇంజనూ కలిసి ఆగాయి. అంటే పోతున్నది స్పార్కే. 14.5 గంటల్లో తేలని సంగతి ఈ ఇరవై నిమిషాల్లో తేలింది.

అప్పుడు నోటుపుస్తకం మొదటి పేజీ తెరిచాను. పికప్ కాయిల్ ఇచ్చే చిన్న పల్స్‌ను చూసి సి.డి.ఐ. తన కెపాసిటరులోని విద్యుత్తును ఇగ్నిషన్ కాయిల్‌లోకి వదులుతుంది. నా బండిలో ఆర్.పి.ఎమ్. మీటరుకు సంకేతం అందించేది కూడా ఆ సి.డి.ఐ.యే. 4,500 మీద తిరుగుతున్న మాగ్నెట్ చక్రం రెప్పపాటులో ఆగి, మళ్ళీ అంత వేగం అందుకోవడం జరగని పని. సూది పడిందంటే పడింది వేగం కాదు, సంకేతం. తప్పు ప్లగ్‌లోనో, క్యాప్‌లోనో, పెట్రోలులోనో ఉండి ఉంటే సూది అలా పడేది కాదు. కేబుల్‌తో నడిచే పాతకాలపు మీటరైతే ఈ ఆధారం దొరకదు.

సి.డి.ఐ.కి అందే కరెంటు తెగినా సూది పడుతుంది కనుక అదీ చూశాను: మిస్సవుతున్నప్పుడు సి.డి.ఐ. కప్లరు (వైర్లు కలిపే సాకెట్) దగ్గర 13.9 వోల్టులు కదలకుండా ఉంది. ఇక మిగిలినవి పికప్ కాయిల్, దాని వైర్లు, సి.డి.ఐ.

ఇప్పటికి మొత్తం: 17 గంటలు, కొత్త భాగాలు 1, అనుమానితులు 3.

అయిదో దశ: వేడి మీద కొలతలు, పికప్ కాయిల్ (10 నుంచి 12 రోజులు)

సీటు ముందే విప్పి, రెండు బెల్టులతో కట్టుకుని వెళ్ళాను, తిరిగి వచ్చాక స్క్రూలు వెతుక్కుంటూ వేడి పోగొట్టుకోకుండా. ఇంజను ఆగిపోయాక పికప్ కప్లరు ఊడదీసి మీటరు పెట్టాను. వేడి అంకెలు మాగ్నెట్ కవరు పైన తీసుకున్నవి. లోపలి కాయిల్ వేడికి అవి దగ్గరివే గాని అచ్చంగా అవే కావు.

ఆగిన 2 నిమిషాలకు: 96 డిగ్రీలు, మీటరు ఓ.ఎల్., అంటే తీగ తెగినట్టే.
7 నిమిషాలకు: 88 డిగ్రీలు, ఓ.ఎల్.కూ 240కీ మధ్య ఊగిసలాట.
12 నిమిషాలకు: 79 డిగ్రీలు, 235 ఓంలు.
20 నిమిషాలకు: 66 డిగ్రీలు, 225 ఓంలు.
35 నిమిషాలకు: 48 డిగ్రీలు, 212 ఓంలు.

ఇందులో ఒక ఉచ్చు ఉంది. 235, 225 అనే అంకెలు 220 హద్దును దాటాయి కదా అని వాటిని చూసి కాయిల్ పోయిందని తేల్చకూడదు. మాన్యువల్ హద్దు 20 డిగ్రీల దగ్గరిది. రాగి తీగ నిరోధం ఒక్కొక్క డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున పెరుగుతుంది కాబట్టి, 30 డిగ్రీల దగ్గర 198 ఉన్న మంచి కాయిల్ కూడా 79 దగ్గర 235 చూపుతుంది. నేరం రుజువైంది పైన ఉన్న రెండు వరుసల్లోనే.

కప్లరునూ వైరునూ కదిపితే అంకె మారలేదు కనుక కవరు విప్పక తప్పలేదు.

1. బండిని సైడ్ స్టాండు మీద ఉంచి కవరు బోల్టులు వదులు చేశాను. సైడ్ స్టాండు మీద బండి ఎడమకు వాలుతుంది, కవరు కూడా ఎడమ పక్కనే ఉంది. గుప్పెడు కాదు, దాదాపు 200 మి.లీ. ఆయిల్ నేల మీద పారింది. సెంటర్ స్టాండు వేసి, ముందే ఆయిల్ దించుకోవాలి.
2. లోపలి మాగ్నెట్ చక్రం కవరును గట్టిగా తనవైపు లాగుతుంది. వేళ్ళు అంచు మధ్య పెట్టకుండా నేరుగా బయటికి లాగాను.
3. పాత గాస్కెట్ ఒకచోట రాకపోతే స్క్రూడ్రైవరుతో గీకాను. ప్లాస్టిక్ గరిట వాడవలసింది. అల్యూమినియం మీద సన్నని గీత పడింది.
4. పికప్ కాయిల్‌ను విప్పి, మీటరుకు కలిపి, హెయిర్ డ్రయ్యరుతో మెల్లగా వేడి చేశాను. 83 డిగ్రీల దగ్గర తెగింది, చల్లారుతూ 76 దగ్గర కలిసింది. అయిదుసార్లు చేసినా రెండు డిగ్రీల తేడాలోనే.

వైరు లోపలికి వెళ్ళే చోటు ఎపాక్సీలో పోతపోసి ఉంది. సన్న తీగకూ బయటి వైరుకూ మధ్య అతుకు అక్కడే విడిపోతోందని నా ఊహ. ఎపాక్సీని గీకి ఆ అతుకు చేరుకోబోయి తీగనే తెంపాను. ఇది చేయదగిన పని కాదు.

కొత్త కాయిల్ 29 డిగ్రీల దగ్గర 201 ఓంలు చూపింది. దాని కప్లరు నా బండికి సరిపోలేదు, వైర్ల రంగులు కూడా వేరు. పాత కప్లరును కోసి, టంకం వేసి, వేడికి బిగిసే గొట్టం తొడిగాను. కవరు బోల్టులను ఎదురెదురు క్రమంలో 10 న్యూటన్ మీటర్లకు బిగించి, ఆయిల్ నింపి కిక్కు కొడితే, కిక్కరు కాలిని వెనక్కి తన్నింది. అతికష్టం మీద స్టార్టయి, యాక్సిలరేటరు పెంచగానే సైలెన్సరులో పేలుళ్ళు.

రెండు వైర్లు తారుమారయ్యాయి. ఓంలలో కొలిస్తే ఎటు పెట్టినా 201 ఓంలే కాబట్టి మల్టీమీటరుతో ఈ తప్పు దొరకదు. పల్స్ తలకిందులైనప్పుడు సి.డి.ఐ. తప్పుడు అంచును చూసి తప్పుడు కోణంలో స్పార్క్ వేస్తుంది. వైర్లు మార్చి మళ్ళీ టంకం వేశాను. ఒక్క కిక్కుకు స్టార్టయింది.

ఇప్పటికి మొత్తం: 22.5 గంటలు, కొత్త భాగాలు 3 (ప్లగ్, పికప్ కాయిల్, గాస్కెట్), తేలిన కారణాలు 1.

ఆరో దశ: రుజువు (13 నుంచి 16 రోజులు)

వాల్వు దగ్గర ఒకసారి మోసపోయాను కనుక ఎండ ఎక్కువగా ఉన్న పూటే, అదే దారిలో, అదే 4,500 మీద మూడుసార్లు నడిపాను.

1. 35 నిమిషాలు: కుదుపు లేదు, సూది పడలేదు.
2. 50 నిమిషాలు: ఆగగానే కప్లరు దగ్గర 241 ఓంలు, కవరు మీద 82 డిగ్రీలు. అంకె నిలకడగా ఉంది.
3. 70 నిమిషాలు: ఈసారి మొదటి రోజు తీసేసిన పాత ప్లగ్‌ను గ్యాప్ 0.75కు సరిచేసి పెట్టాను. అయినా ఒక్క కుదుపూ రాలేదు. ప్లగ్ నిర్దోషి.

ఎగ్జాస్ట్ ట్యాపెట్ సరిచేయడం మాత్రం వృథా కాదు; 0.05తో అలాగే నడిపితే వాల్వు మెల్లగా కాలిపోయేది. అది ఈ జబ్బుకు మందు కాకపోయినా చేయవలసిన పనే.

మొత్తం: 26.5 గంటలు, కొత్త భాగాలు 3, అందులో అవసరమైనవి 2.

640 కిలోమీటర్ల తరువాత

మిస్సింగ్ తిరిగి రాలేదు. మాగ్నెట్ కవరు కింది బోల్టు దగ్గర ఆయిల్ చెమ్మ కనిపించింది. తుడిచి, 100 కిలోమీటర్లు నడిపి చూస్తే మళ్ళీ చెమ్మ. చుక్క కట్టి కారేంత కాదు, వేలికి అంటేంత. అది సరిగ్గా నేను స్క్రూడ్రైవరుతో గీత పెట్టిన చోటే. వచ్చే ఆయిల్ మార్పు దాకా అలాగే ఉంచి, అప్పుడు కవరు విప్పి, గీత మీద పలుచగా సీలెంట్ రాసి, కొత్త గాస్కెట్ వేయాలి. ఈసారి సెంటర్ స్టాండు మీద.